మన గోదావరి డైనోసార్లకు బొమ్మలేవండీ?

సంపాదకులు గారికి,

నమస్కారమండి. బొమ్మలు పోగుచేసే పెద్దవాళ్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. సరదాగానే రాశారు. మా కొట్లో పనిచేసే అమ్మాయి పైకి చదువుతుంటే నేనూ నవ్వాను. కానీ రెండు చోట్ల ఊరుకోబుద్ధి కాలేదు. పొడుగు మెడ డైనోసార్ బొమ్మ ఫొటో కింద బ్రాంటోసారస్ అని వేశారు. అది బ్రాకియోసారస్. సరే, ఫొటో కింద పేరు మారడం మామూలే అనుకుందాం. రెండోది అలా వదిలేసే మాట కాదు. మన నేల మీద ఎన్నడూ తిరగని జంతువుల బొమ్మలకు జనం వేలకు వేలు తగలేస్తున్నారన్న అర్థం వచ్చేలా రాశారు. ఆ జంతువుల ఎముకలు బయటపడిన చోటు మీదుగా పారి వచ్చిన నీళ్లేనండీ మా కాలువల్లో ఉన్నవి.

నాది రాజోలులో ఫ్యాన్సీ షాపు. గాజులు, రిబ్బన్లు, స్టిక్కర్లు, పౌడర్ డబ్బాలు, పిల్లల ఆటబొమ్మలు అమ్ముతాను. మావారు పోయాక కొట్టు నేనే చూసుకుంటున్నాను. కౌంటర్ వెనకాల అద్దాల బీరువాలో కింది రెండు అరలు గాజులకు కేటాయించినవి కావు, పొడుగు మెడ డైనోసార్లకు. కోరలవాటినీ కొమ్ములవాటినీ నేను దాచను, వచ్చినవి వచ్చినట్టు అమ్మేస్తాను. ఈ మెడలవాటి మీద మనసెందుకు పడిందంటే, అమ్ముడుపోక మిగిలేవి ఇవే కాబట్టి. డైనోసార్ల ప్యాకెట్ విప్పి గాజు సీసాలో పోసి విడిగా అమ్మితే మొట్టమొదట టీరెక్స్ పోతుంది. ఆ తర్వాత మూడు కొమ్ములది, రెక్కలది. ఇదొక్కటే సీసా అడుగున పడి ఉంటుంది. "ఇదేం చేస్తుందాంటీ?" అంటారు పిల్లలు. కరవదు, అరవదు, గడ్డి తింటుంది అంటే ఇక దాని మొహం చూడరు. అలా మిగిలినవాటిని పక్కన పెట్టడంతో మొదలైంది నా కలెక్షన్.

ఖరీదైనవి ఎలా వచ్చాయంటారా? మా ప్రాంతంలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారని మీకు తెలియనిది కాదు. కువైట్ నుంచి, మస్కట్ నుంచి కార్గోలో అట్టపెట్టెలు వస్తాయి. సబ్బులు, సెంట్లు, పాల పొడి డబ్బాల మధ్య పిల్లలకని ఒక జర్మనీ కంపెనీ ష్లైక్ బొమ్మో, ఫ్రాన్సు కంపెనీ పాపో బొమ్మో ఉంటుంది. పిల్లాడు నాలుగు రోజులు ఆడి మూల పడేస్తాడు. ఆ తల్లి మా కొట్టుకు గాజులకు వచ్చినప్పుడు నేను అడుగుతాను, "మెడ పొడుగుది ఏమన్నా ఉందా అమ్మా, గాజుల్లో తగ్గిస్తాను" అని. సగం సరుకు అలా మారు బేరంలో వచ్చిందే. కొన్నవీ ఉన్నాయి, లేవనను. మంచి బొమ్మ ఒకటి రెండు మూడు వేలు పలుకుతుంది. మా కోడలు ఆ రేటు విన్నరోజు అన్నం సరిగ్గా తినలేదు.

బొమ్మ చేతికి రాగానే నేను చేసే మొదటి పని బోర్లించి పొట్ట చూడటం. మంచి కంపెనీవైతే పొట్ట కిందో, కాలి అడుగునో జంతువు పేరు, కంపెనీ పేరు, అచ్చు తీసిన సంవత్సరం ఉంటాయి. ప్యాకెట్ బొమ్మల మీద చైనా అన్న ఒక్క మాటే. రెండో పని పాదాలు చూడటం. అసలు గుట్టంతా అక్కడే ఉంటుంది. చవక బొమ్మలకు నాలుగు కాళ్లకూ ఏనుగుకు చెక్కినట్టు గుండ్రటి గోళ్లు వరసగా చెక్కేస్తారు. ఈ జాతిలో పేరున్న పెద్దవాటికి ముందు పాదం అలా ఉండేది కాదు. వేళ్ల ఎముకలు నిలువుగా, అర్ధచంద్రాకారంలో ఒకదాని పక్కన ఒకటి నిలబడి కాలు మొత్తం స్తంభంలా దిగేది. గోరు ఉంటే బొటనవేలికి ఒక్కదానికే, అదీ లోపలి వైపు. వెనక పాదానికి మాత్రం మూడు గట్టి గోళ్లు, కొంచెం బయటికి తిరిగి. వేల రూపాయలు పోసి కొన్న బొమ్మకు కూడా ముందు కాలికి అయిదు గోళ్లున్న సందర్భాలున్నాయి. ఇరవై రూపాయల బొమ్మకు బొటన గోరు ఒక్కటే సరిగ్గా పడి ఉండటమూ చూశాను, అచ్చు అరిగి మిగతావి చెరిగిపోయాయో ఏమో.

తోక చూసి కాలం చెప్పొచ్చు. నేల మీద ఈడ్చుకుపోతున్న తోక ఉంటే అది పాత ఆలోచనతో చేసిన అచ్చు. ఆ బరువు మోయలేక ఇవి నీళ్లలో పడి ఉండేవని ఒకప్పుడు అనుకునేవారు. 1970ల తర్వాత ఆ అభిప్రాయం మారింది. దొరికిన పాదముద్రల వెనక తోక ఈడ్చిన చార దాదాపు కనబడదు. ఇప్పటి మంచి బొమ్మల్లో తోక గాలిలో, మెడకు సరితూగుతూ ఉంటుంది. మెడ సంగతి ఇంకా వింత. మనకూ జిరాఫీకీ మెడలో ఎముకలు ఏడే. చైనాలో దొరికిన మామెంచీసారస్‌కు 19. అవీ లోపల గాలి గదులతో బోలుగా ఉంటాయి, లేకపోతే అంత మెడ లేచేది కాదు.

బొమ్మ మెడకు ఆ సౌకర్యం లేదు పాపం. మా ఎండలకు మెత్తబడి మే నెలలో ఒక్కొక్కటీ తల వంచేస్తుంది. దీనికి మందు ఉంది, మీ పాఠకుల్లో పిల్లలున్నవాళ్లకు పనికొస్తుందని చెబుతున్నాను. చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లు గిన్నెలో పోసి, వంగిన మెడను ఒక నిమిషం ముంచాలి. మెత్తబడ్డాక గుడ్డతో పట్టుకుని కావలసిన వంపుకు తిప్పి, వెంటనే కూజా నీళ్లలో పెట్టాలి. అలాగే బిగుసుకుంటుంది. పాతబడిన కొద్దీ కొన్ని ప్లాస్టిక్ బొమ్మలు జిగటగా తయారవుతాయి, వాటికి మాత్రం వేడి నీళ్లు పనికిరావు. సబ్బుతో కడిగి, ఆరబెట్టి, కవర్లో బిగించకుండా గాలి తగిలేలా పెట్టుకోవాలి.

ఇక మీ ఫొటో. బ్రాకియోసారస్‌కు ముందు కాళ్లు వెనక కాళ్ల కన్నా పొడుగు, భుజం ఎత్తుగా ఉండి నడుము వెనక్కి వాలుతుంది. బ్రాంటోసారస్‌కు దానికి తిరగబడి, తుంటి ఎత్తు. ఫొటోలో ఎవరికైనా కనబడుతుంది. బ్రాంటోసారస్ పేరుకు పెద్ద కథే ఉంది. 1879లో అమెరికాలో మార్ష్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరది. 1903లో రిగ్స్ అనే ఆయన, ఇది అంతకు ముందు పేరు పెట్టిన అపటోసారస్ కోవలోదేనని చెప్పి పక్కన పెట్టించారు. 2015లో మళ్లీ పరిశోధకులు రెండూ వేరని తేల్చారు. పుస్తకాల్లోంచి పోయి నూరేళ్లకు పైబడ్డాక తిరిగొచ్చింది. ఈ మధ్యలో బొమ్మల కంపెనీలు మాత్రం ఆ పేరు ఒక్కరోజు కూడా వదల్లేదు. వ్యాపారం అంటే అదీ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో సిరొంచ అని ఊరుంది. ఇవతల ఒడ్డున మన కాళేశ్వరం, అక్కడే ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. సిరొంచ దగ్గర పోచంపల్లి అనే పల్లె (చీరల పోచంపల్లి కాదండోయ్) పరిసరాల్లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1960 ప్రాంతాల్లో తవ్వితే ఓ పెద్ద పొడుగు మెడ డైనోసార్ ఎముకలు బయటపడ్డాయి. ఒకటీ రెండూ కాదు, సుమారు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి. తొడ ఎముక ఒక్కటే మనిషంత పొడుగు. లెక్కల సంస్థకు ఎముకలతో ఏం పనని నాకూ అనిపించింది కానీ, దాన్ని పెట్టిన మహలనోబిస్ గారు భూగర్భ శాస్త్రానికి కూడా అక్కడ ఒక విభాగం పెట్టించారు. మొదటిసారి తవ్విన ఏడాది రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం. అందుకే 1975లో దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. ఆ ఎముకల గూడు కలకత్తాలో ఆ సంస్థ మ్యూజియంలో నిలబెట్టి ఉంది.

ఆ ఎముకలతో పాటు రాయిగా మారిన పెద్ద పెద్ద చెట్ల మానులు కూడా కలగలిసి దొరికాయట. అది చదవగానే నాకు 1986 ఆగస్టు వరద కళ్ల ముందు కదిలింది. ఎర్ర నీళ్లలో దుంగలు, చచ్చిన పశువులు, ఇళ్ల కప్పులు కలిసి కొట్టుకొచ్చి ఏటిగట్టుకు ఆనుకుని నిలిచిపోవడం మా తరం వాళ్లందరం చూశాం. ఆ డైనోసార్ల కాలానికి ఈ గోదావరి లేదు, నిజమే. ఏదో వేరే ఏరు. అయినా ఏరు ఏరే కదండీ.

రెండోది పూర్తిగా తెలుగు నేల మీదిది. తెలంగాణలో అదే ప్రాణహిత గోదావరి లోయలో, యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లకు దొరికింది. 1988లో యాదగిరి గారు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. అది హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. బిర్లా మందిరానికి వెళ్లినవాళ్లు పక్కనే ఉన్న దాన్ని చూడకుండా దిగివచ్చేస్తారు. నేను వెళ్లినప్పుడు ఓ పెద్దాయన మనవడికి, ఇది అమెరికా నుంచి తెప్పించారని చెబుతున్నారు. పక్కనే బోర్డు ఉంది. నేను ఆగలేక, "కాదండి బాబాయ్ గారూ, మన గోదావరి పైనే దొరికింది" అన్నాను. ఆయన నన్ను అక్కడ పనిచేసే మనిషిననుకుని టాయిలెట్ ఎటని అడిగారు.

ఈ రెండూ 17, 18 కోట్ల ఏళ్ల నాటివి. మీ ఫొటోలోని బ్రాకియోసారస్ కన్నా పాతవి. పరాయి జంతువులని రాసినవారు ఈ మాట గమనించాలి.

పైపెచ్చు, గడ్డి తింటుందని మా పిల్లలు వెక్కిరించే సంగతి కూడా మన బేసిన్‌లోనే రుజువైంది. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా పిస్దురాలో, అంటే వార్ధా పరీవాహకంలో, ఆ నీళ్లూ ప్రాణహితలోకే వస్తాయి, రాయిగా మారిన డైనోసార్ పేడ ముద్దలు దొరికాయి. పొడుగు మెడ టైటానోసార్లవని అంచనా. వాటిలో గడ్డి ఆకుల్లో ఉండే సూక్ష్మమైన ఇసుక కణాల్లాంటివి ఉన్నాయని వందనా ప్రసాద్ గారి బృందం 2005లో ప్రకటించింది. డైనోసార్ల కాలంలో గడ్డి లేదని అంతకు ముందు పుస్తకాల్లో రాసేవారు. 2011లో ఇంకో అడుగు ముందుకేసి, వాటిలో వరి తెగకు చెందిన గడ్డి ఆనవాళ్లున్నాయని చెప్పారు. వరి పండించే సీమలో ఉండి ఈ సంగతి ఒక్క పాఠ్యపుస్తకంలోనూ చూడలేదు నేను.

మా కోనసీమ మట్టిలో ఏ ఎముకా దొరకదు, అది తెలుసు. ఇది నది నిన్న మొన్న తెచ్చిపోసిన ఒండ్రు. కానీ కొవ్వూరు దాటి పంగిడి, దుద్దుకూరు వెళ్లండి. మా రోడ్లకు, శ్లాబులకు వచ్చే నల్ల కంకర అక్కడి క్వారీలదే. అది ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పశ్చిమాన పొంగి, దాదాపు 1000 కిలోమీటర్లు పారి వచ్చిన లావా. ఆ రాతి పొరల మధ్య చిక్కిన సముద్రపు మట్టిలోని సూక్ష్మజీవుల గుల్లలను పరిశీలించి, అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం 2008లో, ఆ ప్రధాన లావా ప్రవాహాలు ఆగిన సమయం డైనోసార్లు అంతరించిన సమయానికి దగ్గర పడుతోందని రాసింది. ఉల్క వల్ల పోయాయా, లావా వల్ల పోయాయా అనే తగవు పెద్దవాళ్లది. ఆ సాక్ష్యాల్లో కొన్ని మాత్రం మా కంకర లారీల దారిలో ఉన్నాయి.

ఇంత ఉండి, నా బీరువాలో బారాపాసారస్ లేదు, కోటాసారస్ లేదు. అమెరికావి, ఆఫ్రికావి, అర్జెంటీనావి, చైనావి ఉన్నాయి. మాకు సరుకిచ్చే విజయవాడ, రాజమండ్రి హోల్‌సేల్ వాళ్లనడిగాను, ఆన్‌లైన్‌లో వెతికించాను. నాకు దొరకలేదు. కలకత్తాలోనూ హైదరాబాద్‌లోనూ నిలువెత్తు ఎముకల గూళ్లు ఉన్నాయి, అరచేతిలో పెట్టి ఇచ్చే బొమ్మ లేదు.

ఎవరన్నా చేస్తే గిట్టుబాటు అవుతుందా? బొమ్మల వ్యాపారిగా చెబుతున్నాను, ఇప్పుడే అనువైన కాలం. దిగుమతి బొమ్మల మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు. మా బోటి చిన్న కొట్లకు ఆ మార్కుతో కొంత టెన్షన్ వచ్చిన మాట నిజం, పాత సరుకు చాలా అటకెక్కింది. కానీ రిజిస్టర్ అయిన హస్తకళాకారులు చేసి అమ్మే బొమ్మలకూ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ ఆ మార్కు నుంచి మినహాయింపు ఇచ్చారు. ఏటికొప్పాకకూ కొండపల్లికీ రెంటికీ ఆ గుర్తింపు ఉంది.

ఏటికొప్పాక వాళ్లను నేను ప్రత్యేకంగా అడగదలచుకున్నాను. అక్కడ అంకుడు కర్రను లేతు మీద తిప్పి లక్క రంగు పట్టిస్తారు. లేతు మీద గుండ్రటివే వస్తాయి కాబట్టి టీరెక్స్ చెయ్యడం కష్టం, దాని దవడలు గుండ్రంగా ఉండవు. పొడుగు మెడది ఒక్కసారి ఊహించుకోండి. పొట్ట పీపా, కాళ్లు నాలుగు స్తంభాలు, మెడా తోకా రెండువైపులా సన్నబడే కడ్డీలు. మొత్తం జంతువు లేతుకోసం పుట్టినట్టు ఉంటుంది. మెడను పొట్టలోకి దిగగొట్టే బెజ్జం కాస్త ఏటవాలుగా తొలిస్తే చాలు, తల లేస్తుంది. మరీ ముద్దుగా, ముడతలతో సహా కావాలంటే కొండపల్లి వాళ్లున్నారు. తెల్లపొణికి చెక్కను విడివిడిగా చెక్కి, చింతగింజల మక్కుతో అతికి అంబారీ ఏనుగును నిలబెట్టేవాళ్లకు ఇదొక లెక్కా?

కొలతలు నేనే కట్టి ఉంచాను. కలెక్షన్ చేసేవాళ్లు ఎక్కువగా అసలు జంతువులో నలభయ్యో వంతు బొమ్మ కోరుకుంటారు. కోటాసారస్ సుమారు 9 మీటర్లు, అంటే బొమ్మ 22 సెంటీమీటర్ల పైచిలుకు, సరిగ్గా జానెడు. బారాపాసారస్ సుమారు 14 మీటర్లు, బొమ్మ 35 సెంటీమీటర్లు, జానన్నర. తల విషయంలో చేసేవాళ్లకు స్వేచ్ఛ ఉంది. రెంటికీ పళ్లు తప్ప పుర్రె దొరకలేదు, మ్యూజియంలో పెట్టిన తల కూడా ఊహించి పెట్టిందే. రంగు ఎటూ ఎవరికీ తెలియదు, లక్కలో పసుపు వేస్తారో ఆకుపచ్చ వేస్తారో వాళ్లిష్టం. ముందు కాలికి మాత్రం ఏనుగు గోళ్లు పెట్టొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. పొట్ట కింద పేరూ, దొరికిన ఊరూ తెలుగులో రాయాలి.

మీరు చెయ్యగలిగింది కూడా ఉంది. వచ్చే ఆదివారం ఆ ఫొటో సవరణ వేసేటప్పుడు, పిల్లల పేజీలో బిర్లా సైన్స్ సెంటర్‌లోని కోటాసారస్ ఫొటో ఒకటి, ఎక్కడ దొరికిందో చెబుతూ వెయ్యండి. కొట్టు గోడకు అంటించుకుంటాను.

బొమ్మలు చేసేవాళ్లెవరన్నా ఈ ఉత్తరం చూస్తే, మొదటి విడతగా రెండేసి డజన్లు నేనే తీసుకుంటాను. అప్పుగా కాదు, సగం అడ్వాన్స్ ముందే పంపుతాను. విడిభాగాలు ఊడితే వాపసు ఉండాలి, రేటు మూడు వందలు దాటకూడదు, అంతకు మించితే మా వైపు పిల్లల తండ్రులు కొనరు. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థంలో మా స్టాల్ ఉంటుంది. దానికి పదిహేను రోజుల ముందు సరుకు అందితే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక ఫ్యాన్సీ షాపు యజమానురాలు,
రాజోలు, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా